బ్రతుకుతెరువు

బ్రతుకుతెరువు అను మాట నెఱుగని తెలుగువాడుండడు. కాని యా మాటలోని ‘తెరువు’ను విడదీసి చూచువారు నేడరుదు. తెరువనగా త్రోవ. త్రోవను నడచువాడు తెరువరి. తమిళమున ‘తెరు’ అనగా వీధి. కాబట్టి బ్రతుకుతెరువనగా బ్రతుకు నడచెడి త్రోవ యని యర్థము. కూడు సంపాదించుకొను పని యని మాత్రమే కాదు. ఈ త్రోవ యను నర్థము మాటలోనుండి యెట్లు జాఱిపోయినదో, మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడూళ్ళ చరిత్రనుబట్టి కొంత చెప్పవచ్చునని నేటి ప్రసంగమునకు పూనుకొంటిని.

ఈ మూడూళ్ళనే యేల తీసికొంటినో మనవి చేసెదను. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా క్రొత్తగ నేర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లానుండియు, పుంగనూరు, కంగుంది జమీనులు ఉత్తరార్కాటు జిల్లానుండియు వచ్చి యందు చేరినవి. కుప్పము కంగుంది జమీనులోనిది. అంతకు పూర్వము ఈ యూళ్ళకు కచేరీలు వేఱు, శిస్తు కట్టు విధములు వేఱు. మదనపల్లె ప్రాంతము 1800లో నిజాము కుంఫిణీవారికి వదలిన దత్తమండలములలోనిది. అచ్చట మన్రో దొర నాటినుండి రైతువారీ యేర్పాటు. తక్కిన రెండు చోట్లను జమీందారుల యేలుబడి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో నది ముగిసినది. ఏలుబడులు వేఱైనను నేల యొక్కటే. మైసూరు పీఠభూమి తూర్పు అంచున నున్న మెట్టనేల యిది. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. ఏడాది పొడుగున పాఱెడి పెద్దనది లేదు. చెఱువు నిండిన యేడు వరి, నిండని యేడు రాగి, సజ్జ, అనుములు. ప్రజలలో తెలుగు, కన్నడము, తమిళము మూడును నాలుకపైనున్నవారు తఱచు.

మదనపల్లె యనగానే 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి కళాశాలలో బసచేసి జనగణమన గీతమును ఆంగ్లమునకు మార్చిన సంగతి చెప్పుట వాడుక. అది యెల్లరు నెఱిగినదే గనుక దానిని విడిచి, ఎవరును ప్రసంగింపని చెఱువుగట్టు మీదికి పోవుదము. అంతకుముందు మాటల సంగతి కొంచెము.

మన పూర్వులు బ్రతుకును నడకతో పోల్చిరి. పోల్చిరనుటకంటె, నడకగానే తలచిరనుట మేలు. నడత, నడవడి యను తెలుగుమాటలు నడచుటనుండి పుట్టినవి. ఆచారము, చర్య, చరిత్రము అను సంస్కృతపదములందలి ‘చర’ ధాతువునకును కదలుట, తిరుగుట యనియే యర్థము. పద్ధతి యనగా పాదములచే త్రొక్కబడినది, కాలిబాట. ‘వాని పద్ధతి బాగులేదు’ అని విసుగుకొను పెద్దలు, తెలిసియో తెలియకయో, వాడు పోవు బాట బాగులేదనియే యనుచున్నారు.

అమరసింహుడు వైశ్యవర్గమున జీవనమునకు చెప్పిన పేళ్ళలో వృత్తి, జీవిక మొదలగువానితో పాటు ‘వార్త’ యనునది యొకటి. చిన్ననాట అమరము వల్లెవేసినవారికిది గుర్తుండును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కృషి, పశుపాలనము, వాణిజ్యము అను మూటిని కలిపి వార్త యనెను. ఆ గ్రంథపు తాళపత్రప్రతి 1905లో మన పొరుగుననే మైసూరున బయటపడి, శామశాస్త్రిగారి పూనికతో 1909లో అచ్చైనది. నేడు వార్తలనగా ఈ ప్రసంగమునకు ముందో వెనుకో ఆకాశవాణి మీకు వినిపించునవి. బ్రతుకుతెరువునకు పేరైన మాట సమాచారమునకు పేరగుట వింతగ తోచవచ్చును. కాని ‘ఎట్లు జరుగుచున్నది?’ అను నొకే ప్రశ్నకు రెండును సమాధానములు. ఊరినుండి వచ్చిన చుట్టమును మనవారు మొదట నడుగునదేమి? వానలు పడినవా, ఆవు ఈనినదా, శెనక్కాయలు ఏమి ధర పలికినవి? కౌటిల్యుని మూడు భాగములును ఆ మూడు ప్రశ్నలలో నిమిడియున్నవి.

వృత్తి యను మాట మాత్రము గ్రామములలో వేఱొక త్రోవ పట్టినది. శాసనములలో వృత్తి యనగా తఱచుగ నొక సేవకో, విద్యకో ప్రతిగా ఇచ్చిన భూమిలోని పాలు. ఊరిలో రెడ్డి, కరణము, తలారి, నీరుగట్టు, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి యుండెడివారు. వీరిలో కొందఱకు మాన్యములు, కొందఱకు కళ్ళమునొద్ద ధాన్యపు మేరలు. పనితోపాటు ఇంత నేలయు, ఇంత గింజయు, జాతరలో నిలుచు చోటును, పెండ్లిలో తాంబూలమందు వరుసయు, తప్పించుకొనరాని బంధనమును కలిసి వచ్చెడివి. ఆ పాత యేర్పాటును పొగడువారు బంధనమును మఱచెదరు. కమ్మరి కొడుకు కొలిమియొద్దనే కూర్చుండవలెను. మంగలి కొడుకు నాలుగక్షరములు నేర్చినను పొదియే చేతబట్టవలెను. అది తెరువే గాని, ప్రక్కకు చీలు దారి యొక్కటియు లేని తెరువు.

వీరిలో నీరుగట్టు మెట్టనేలకు ప్రాణము వంటివాడు. చెఱువు తూముకడ నిలిచి, ఎవరి మడికి ఎంతసేపు నీరు పోవలెనో చూచువాడు. చెఱువులో నీరు తగ్గినకొలది వాని మాటకు విలువ పెరుగును, వానికి తిట్లును పెరుగును. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె యను భాగము గలదు. పేరు చెఱువు నీరు పంచినవారిది. నేడచ్చట వినవచ్చు సద్దు మగ్గములది. పట్టుచీరల నేతకు ఆ పల్లె పేరుపొందినది. త్రోవ మాఱినను పేరు మాఱలేదు. ఇట్టి పల్లెపేళ్ళు ఎవ్వరును వ్రాసిపెట్టని చరిత్రను కాపాడుచున్నవి. వానిని ‘నగరు’లుగను, ‘కాలనీ’లుగను మార్చువారు కొంచెము తడవు ఆలోచించిన బాగుండును.

1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో మాన్యములు రైతువారీ పట్టాల క్రిందికి వచ్చినవి. 1984లో వంశపారంపర్యపు మునసబు, కరణీకములు పోయినవి. నీరుగట్టును తీసివేయుటకు వేఱు చట్టమక్కఱలేకపోయినది. బోరుబావి వచ్చినది. దానికి తూము లేదు, వంతు లేదు. విద్యుత్తు వచ్చు వేళ నెఱిగిన చాలును. ఎవని నీరు వాని గొట్టమునుండి వచ్చునపుడు పంచువానితో పనియేమి? భూమిక్రింది నీరు మాత్రమందఱిదియే గనుక, లోతుగ త్రవ్వగలవాడు పంచుకొనకయే యెక్కువ పాలు తీసికొనెను.

బోరుబావి వెంబడి వచ్చినది టమేటా. దక్షిణ అమెరికా ఖండమునుండి సముద్రములు దాటివచ్చిన మొక్క. కోస్తా తెలుగువారు కొందఱు దానిని రామములగ యనిరి. నేడు మదనపల్లె టమేటా సంత ఆసియాఖండమందలి పెద్దసంతలలో నొకటిగ పేరెన్నిక గన్నది. రాగి పండించినవాని నడకకును, టమేటా పండించువాని నడకకును గల భేదమును చూడుడు. రాగి పాతరలో నేండ్లతరబడి పురుగుపట్టక నిలుచును. ఒక మంచియేటి పంట రెండు చెడ్డయేండ్లకు కాపు. ఆ కాపును మించిన కఱవు వచ్చినప్పుడు, 1876-78 నాటి ధాత కఱవువలె, పాతరలును వట్టిపోయినవి, ఊళ్ళును వట్టిపోయినవి. అది వేఱు సంగతి. టమేటాకు పాతర లేదు. కోసిన కొలది దినములలో అమ్ముడుపోవలెను. 2023 జూలైలో మదనపల్లె సంతలో కిలో నూఱు రూపాయలను మించి పలికినది. మఱికొన్ని యేండ్ల కోతకూలియు గిట్టక బాటప్రక్కన పాఱబోసిపోయిన రైతులు గలరు. రాగి రైతు ఆకసమువంక చూచెడివాడు. టమేటా రైతు తెల్లవాఱకమునుపే చేతిలోని ఫోనువంక చూచును, ఆనాటి ధర కొఱకు. ఇచ్చట అమరుని వార్తయు, ఆకాశవాణి వార్తయు నొకటైనవి. దీనిని జూదమనువారు గలరు. నేనట్లనను. జూదరి పాచిక వేయుటకు ముందు దుక్కి దున్నడు, నారు నాటడు, కఱ్ఱలు పాతడు, మూడునెలలు కాచికొని యుండడు.

ఇక పుంగనూరు. ఈ యూరిపేరు దేశమంతట వినబడుటకు కారణము జమీందారులు కారు, ఒక యావు. పుంగనూరు ఆవు మూడడుగుల యెత్తునకు లోబడియే యుండును. 70 నుండి 90 సెంటీమీటర్ల వఱకని లెక్క. పొట్టిదైనను గట్టిది. కొలదిపాటి మేతతో, ఎండకు వాడక, మెట్టలో బ్రతుకును. పాలు కొంచెమే, వెన్న యెక్కువ. తేలికనేలలలో దాని కోడెలు అరక లాగెడివి. సన్నకారు రైతునకింతకంటె తగిన పశువు లేదు. కాని పాలకేంద్రములు వచ్చి, లీటర్ల లెక్కన సొమ్ము చెల్లింప మొదలిడిన పిదప సంకరజాతి యావులు పెరళ్ళకు చేరినవి. పొట్టి యావులు తగ్గి తగ్గి, జాతియే యంతరించునేమోయని పలమనేరు పశుపరిశోధనస్థానమున వానిని కాపాడు యత్నము జరిగినది. అటుపిమ్మట కథ తిరిగినది. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తమ నివాసమున ఈ యావులకు మేత తినిపించుచున్న చిత్రములు దేశమంతట వెలువడినవి. పట్టణములలోని కలవారు వానిని ముచ్చటకు కొని, నున్నని నేలపై నడిపించి, పిల్లలతో ఆడించుచున్నారు. ధర లక్షలలో నున్నది. పుంగనూరు రైతు పెరటిలో మాత్రము నలుపు తెలుపుల పెద్దయావు నిలిచి యున్నది. అదే పొట్టి యావు మెట్టరైతు పాకలో నున్నప్పుడు బ్రతుకుతెరువు; మేడలో నున్నప్పుడు జీవనశైలి.

ఈ ‘జీవనశైలి’ యను మాట ఇప్పుడు పత్రికలలో తఱచు కనబడుచున్నది. వ్యుత్పత్తినిబట్టి చూచిన దోషము లేదు. శీలమునుండి పుట్టినది శైలి. కాబట్టి జీవనశైలి యనగా జీవించుటయందలి శీలము, నడవడి కావలెను. వాడుకలో నా యర్థము రాలేదు. ఏమి తొడిగితిమి, ఏమి తింటిమి, ఇంటిగోడకు ఏ రంగు వేసితిమి యనునవి జీవనశైలి పుటలయందు వచ్చును. ఆ తరువాత నీ మాట వినవచ్చునది వైద్యుల నోట. మధుమేహము, రక్తపుపోటు ‘జీవనశైలి వ్యాధులు’.

వైద్యునకును, బ్రతుకు రీతికిని గల సంబంధము మదనపల్లెకు క్రొత్త కాదు. ఊరికి చేరువనున్న ఆరోగ్యవరమున 1912లో స్థాపితమైన క్షయవైద్యశాల దక్షిణదేశమున ప్రఖ్యాతి గాంచినది. డాక్టరు ఫ్రిమోట్ మోలరు దానికి మూలపురుషుడు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టబడువఱకు క్షయకు రోగమును చంపు మందులేదు. అట్టి వైద్యశాలలలో నాడు చేసినది చాలవఱకు విశ్రాంతి, మంచిగాలి, పుష్టియైన తిండి, కొలతప్రకారము నడక. అనగా వైద్యమే యొక దినచర్య. రోగి నెలలతరబడి యట్లుండి, ఒడలు పట్టి, ఇంటికి పోవును. ఇల్లెట్టిది? గుంటమగ్గమున కాళ్ళు పెట్టుకొని, గాలియాడని గదిలో పగలెల్ల వంగి నేయువానికి ఆ దినచర్య ఎన్నినాళ్ళు సాగును? శైలి మార్చుకొనుమని చెప్పుట సులభము. తెరువు మాఱక శైలి మాఱదు. నాటి నేతగానికి నిజమైనది నేటి కుప్పము కూలివానికిని నిజమే. ‘వేళకు తినుము, వేళకు నిద్రింపుము’ అని వైద్యుడు చెప్పును. వేకువన రైలెక్కి బెంగుళూరు పోయి, రాత్రి రైలులో తిరిగివచ్చువానికి వేళ ఎక్కడిది?

కుప్పమున తెరువనగా రైలుదారియే. తమిళమున కుప్పమనగా చిన్నపల్లె. ఆ చిన్నపల్లెను పట్టణముగ మార్చినవానిలో రైలు ముఖ్యమైనది. 1864లో మద్రాసు రైల్వేవారు జోలార్‌పేటనుండి బెంగుళూరు దండుకు వేసిన దారి కుప్పము మీదుగ పోయినది. పిమ్మట 1880లో కోలారు బంగారుగనులు జాన్ టెయిలరు కంపెనీవారి చేతికి వచ్చి పెద్దయెత్తున సాగినవి. చుట్టుప్రక్కల తమిళ, తెలుగు జిల్లాలనుండి పేదలు భూగర్భమున పనికి దిగిరి. కొన్ని తరములు గడచినవి. 2001లో కోలారు గనులు మూతపడినవి. కుప్పమునకు చేరువనున్న చిగురుగుంట, బిసానత్తము గనులకును అదే గతి పట్టినది. రైలుదారి మాత్రము మిగిలినది. అదే దారిన, గనులకు మాఱుగ, బెంగుళూరు మేడల పనికి, కర్మాగారములకు, వంటయిండ్లకు జనము పోవుచున్నది.

ఈ ప్రాంతపు వాడుకలో నొక పలుకుబడి యున్నది. ఊరు విడిచి పోయినవారిని గూర్చి యడిగినచో, ‘వాళ్ళు బతికేదానికి పోయినారు’ అందురు. పనికి పోయిరనరు, బ్రతుకుటకు పోయిరందురు. అన్నవారును ఊరిలో బ్రతుకుచున్నవారే! అయినను ఊరిలోని యునికిని బ్రతుకుగ లెక్కపెట్టరు. కుప్పపు వీథిలో వినవచ్చు మూడు భాషలను కలిపి చూచిన దీని లోతు తెలియును. కన్నడమున ‘బదుకు’ అనగా జీవించుట. ఇల్లు వాకిలి, ఆస్తిపాస్తియును అదే మాట. తమిళమున ‘పిళైప్పు’ అనగా జీవనోపాయము. ఆ ధాతువునకే ఆపదనుండి తప్పించుకొనుట యను నర్థమును గలదు. తెలుగున గండము గడచినవాడు ‘బ్రతికిపోతిని’ అనును. బ్రతుకుట యనగా కలిగియుండుటయు, తప్పించుకొనుటయు గూడ. మెట్టనేల ప్రజల మాటలలో నీ రెండవ యర్థము పైకి వచ్చుట సహజమే.

ఊరిలో మిగిలినవారికి వచ్చిన మాట ‘ఉపాధి’. ఈ మాట ప్రయాణము చిత్రమైనది. అమరమున ఉపాధి యనగా కుటుంబపోషణయందు మునిగియున్నవాడని యొక యర్థము గలదు. వేదాంతులు దీనిని వేఱొక విధమున వాడిరి. తెల్లని స్ఫటికము మందారపువ్వు ప్రక్కన నున్నప్పుడు ఎఱ్ఱగ తోచును. ఆ పువ్వు ఉపాధి. ఉన్నదానిని ఉన్నట్లు కనబడనీయనిది యని స్థూలముగ చెప్పవచ్చును. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురం జిల్లా బండ్లపల్లెలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైన పిదప, ఉపాధి యనగా చెఱువులో మట్టి త్రవ్వుట యైనది. ‘ఉపాధికి పోతా ఉండాము’ అని గంపయు పారయు చేతబట్టి పోవు ముసలమ్మలు చెప్పగా వింటిని. అమరుని యర్థమే సరిగ వచ్చినదని నాకు సంతోషము. ఆ చెఱువే, ఒకప్పుడు నీరుగట్టు తూమునొద్ద నిలిచినదే, పూడిపోయి యుండగా దానిలో పూడిక తీయుటయు నదియే.

నా కష్టమెక్కడనగా, మాట రెండుగ చీలినది. సంపాదన ‘జీవనోపాధి’ యై కచేరీకి పోయినది. నడవడి ‘జీవనశైలి’ యై వైద్యునియొద్దకు, అంగడికి పోయినది. ఒకరు మనుష్యుని చేతులను లెక్కింతురు, ఒకరు వాని కడుపును కొలుతురు. రెంటిని కలిపి పట్టుకొన్న మాట బ్రతుకుతెరువు. పాఠ్యపుస్తకములు వ్రాయువారు దీనిని పల్లెటూరి మాటయని ప్రక్కకు నెట్టుచున్నారు. తెలంగాణమున ‘బతుకుదెరువు’ అని నేటికిని జనులు ధారాళముగ వాడుచున్నారు. మన సీమలోనే యది సన్నగిల్లుచున్నది.

బడిలో చేర్చుకొను పట్టీయందు ‘తండ్రి వృత్తి’ అను నొక గడి యుండును. నేను పనిచేసిన పాఠశాలలలో నొకదానిలో, కుప్పము వైపునుండి వచ్చిన యొక బాలుని ఆ ప్రశ్న యడిగిరి. వాడు వ్రేళ్ళు మడచి చెప్పసాగెను. వానలు పడితే శెనక్కాయలేస్తాము. ఇంటికాడ రెండావులుండాయి, పాలు పోస్తాము. ఎండాకాలం నాయన బెంగుళూరు పోతాడు, సెంట్రింగు పని. జాతరప్పుడు వచ్చి పలకలు కొడతాడు. గడి అంగుళము వెడల్పు. అందు పట్టినది ‘కూలి’ అను మాట. బాలుడు మునివ్రేళ్ళపై నిలిచి యా మాటను చదివి, ‘మాకు సేద్యం గూడా ఉండాది సార్’ అనెను.